గ్రీన్ కార్డుకి ముహూర్తం

ద్రాక్షారామం భీమేశ్వరస్వామి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. మా ఇంట్లో నేను వాన పడుతోందని చెప్పినా ఎవరో ఒకరు వసారాలోకి వెళ్ళి చెయ్యి చాపి చూసొస్తారు. అందుకే ఈసారి దేవుణ్ణి మధ్యలోకి తెచ్చాను.

మా మేనత్త, అంటే నాన్నగారి అక్కయ్య, ముప్పై ఏళ్ళు అమెరికాలో ఒక ఆసుపత్రి వంటగదిలో పనిచేసి, రిటైరై, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ద్రాక్షారామం వచ్చి స్థిరపడింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. అన్నేళ్ళున్నా అక్కడి పౌరసత్వం తీసుకోలేదు. అడిగితే, దానికి చెయ్యెత్తి ప్రమాణం చెయ్యాలటరా, నాకు ప్రమాణాలంటే భయం అనేది. అబద్ధమాడడం చేతకాని మనిషి, ఒట్టు వెయ్యడానికి కూడా జంకేది. గ్రీన్ కార్డుతోనే బతుకు నెట్టుకొచ్చింది.

ఆ కార్డు చూడ్డానికి మా వీధంతా వచ్చింది. తీరా చూస్తే అది పచ్చగా లేదు. పైగా ఫొటోలో అత్తయ్య దుద్దు తీసేసి, కాస్త పక్కకి తిరిగి, ఒక చెవి ముందుకు పెట్టి ఉంది. పక్కింటి పెద్దాయన దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, ముందూ వెనకా చూసి, ఇంత చిన్నదా అని తిరిగి ఇచ్చేశాడు. నాకూ అలాగే ఉండేది. పేకముక్కంత బిళ్ళ. అది చూపిస్తే సముద్రాల అవతల ఒక దేశం పక్కకి తప్పుకుని దారిస్తుంది. దాన్ని అత్తయ్య బియ్యం డబ్బాలో దాచుకునేది.

అయితే ఆ కార్డు బతికుండాలంటే ఏడాది దాటకుండా అక్కడ కాలు మోపి రావాలి. అత్తయ్య ఏటా వెళ్ళేది. కార్డు కోసమని అందరం అనుకునేవాళ్ళం గానీ, నిజానికి ఒక మనిషి కోసం. ఆ వంటగదిలో ఇరవై ఏళ్ళు అత్తయ్య పక్కన నిలబడి కూరలు తరిగిన పోలండు ముసలావిడ. మంచులో కారు నడపడం అత్తయ్యకి నేర్పింది ఆవిడే. ఆవిడకి గోంగూర పచ్చడి అలవాటు చేసింది అత్తయ్య. ఆవిడిప్పుడు వృద్ధాశ్రమంలో ఉంది. ఏటా నెల్లాళ్ళు ఆవిడ మంచం పక్కన కూర్చుని, మళ్ళీ వస్తానని చెప్పి అత్తయ్య వచ్చేసేది.

మూడో ఏడు విమానాశ్రయంలో అధికారి, అసలు మీరు ఉంటున్నది ఎక్కడ అని అడిగాడట. నేనైతే ఊరూ పేరూ కల్పించి, గుమ్మం ముందు పూలమొక్కలు కూడా వర్ణించి ఉండేవాణ్ణి. అత్తయ్య "ద్రాక్షారామం" అంది. ఆయన మంచివాడే, వెళ్ళనిచ్చాడు. కానీ ఒక మాట చెప్పాడు. ఈ కార్డు కాపురం ఉండేవాళ్ళకి, చూసిపోయేవాళ్ళకి కాదు. మీ అంతట మీరు ఇచ్చేస్తే రేపు మామూలు వీసా అడగడానికి మొహం చెల్లుతుంది, మేం లాక్కుంటే కష్టం అన్నాడు.

ఇక ఎప్పుడు ఇవ్వాలన్నదే ప్రశ్న. తొందరపడితే అక్కడి బీమాతో చేయించుకోవలసిన మోకాలి ఆపరేషన్ పోతుంది. ఆలస్యం చేస్తే ఏడాది నిండిపోతుంది. నాలుగో ఏడు వెళ్ళి మోకాలు మార్పించుకుని, ముసలావిడకి అలవాటుగా మళ్ళీ వస్తానని మాటిచ్చి వచ్చింది. అప్పట్నుంచీ ఒకటే బెంగ. కార్డు ఇచ్చేశాక వీసా రాకపోతే? జీవితంలో మొదటి అబద్ధం మంచాన ఉన్న మనిషితో ఆడినట్టవుతుంది.

అందుకని సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన గృహప్రవేశానికి, బావి తవ్వడానికి, చెవులు కుట్టడానికి, ఆఖరికి క్షౌరానికి కూడా ముహూర్తం చెప్పగలడు. దేశాన్ని తిరిగి ఇచ్చెయ్యడానికి పంచాంగంలో ఏమీ దొరకలేదు. అటూ ఇటూ పుటలు తిప్పి తలెత్తాడు.

"ఇది మొదలాండి, ముగింపాండి అమ్మగారూ? అది చెబితేగానీ నక్షత్రం చూడలేనండి."

"వదిలెయ్యడమేనండి. కానీ వదిలేశాక మళ్ళీ వెళ్ళాలండి."

సిద్ధాంతిగారు పంచాంగం మీద వేలు పెట్టి వెతికాడు. తర్వాత, అయితే పునర్వసు పెడతానండి, ఆ నక్షత్రంలో చేసింది తిరిగి కలుపుతుంది అన్నాడు. ఉదయం పది నలభై దాకా వర్జ్యం, పది నలభై రెండుకి ఇవ్వాలి, ఒక్క నిమిషం ముందైనా వద్దు.

కార్డు ఇవ్వాల్సింది చెన్నైలోని అమెరికా కాన్సులేటులో. తోడు నేను వెళ్ళాను, నాకు అరవం వచ్చని చెప్పుకుని ఉన్నాను గనక. కార్డుని ఉత్తచేత్తో ఇవ్వకూడదని అత్తయ్య తాంబూలం, కొబ్బరికాయ కూడా తెచ్చింది. కాన్సులేటు గేటు దగ్గర కొబ్బరికాయ లోపలికి రాదన్నారు. వక్కలూ రావన్నారు. పాస్‌పోర్టు మధ్యలో పెట్టిన ఒక్క తమలపాకుని మాత్రం ఎవరూ చూడలేదు. నేను కొబ్బరికాయ పట్టుకుని ఎండలో నిలబడ్డాను. వీసా కోసం వరసలో ఉన్నవాళ్ళు నన్ను చూసి, కాయ కొడితే పనవుతుందేమోనని గుసగుసలాడుకున్నారు.

లోపల పది ఇరవైకే పిలిచారట. కిటికీ అవతల ఒక తెల్లావిడ. అత్తయ్య కార్డు తియ్యలేదు. తన ఇంగ్లీషులో, ఇరవై రెండు నిమిషాలు ఆగుతాను, తప్పుగా అనుకోవద్దు అంది. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. వర్జ్యం, పునర్వసు, మంచం మీది ముసలావిడ. తెల్లావిడ విని, తన గడియారం చూసుకుని, సరే నేనూ ఆగుతాను అంది. పది నలభై రెండుకి అత్తయ్య లేచి, తమలపాకు మీద కార్డు పెట్టి, రెండు చేతులా అందించింది. ఆవిడా రెండు చేతులా అందుకుందట.

అంత దేశం ఒక ఆకు మీద పట్టింది. 

మరుసటేడు అత్తయ్యకి వీసా వచ్చింది. వెళ్ళి నెల్లాళ్ళు కూర్చుని వచ్చింది.

ఇక ఒట్టు సంగతి. స్వామి మా ఊళ్ళోనే ఉన్నాడు, రేపు నేను గుడి ముందు నుంచే నడవాలి, కాబట్టి చెప్పేస్తాను. సిద్ధాంతిగారు నిజం, ఫొటోలో చెవి నిజం, కొబ్బరికాయ నిజం, వీసా నిజం. తెల్లావిడ ఆగలేదు. పది ఇరవైకి పిలిచింది, చెయ్యి చాపింది, తీసేసుకుంది. తమలపాకు పాస్‌పోర్టులోనే ఉండిపోయింది. అత్తయ్య పాస్‌పోర్టు మూయకుండానే గేటు బయటికి వచ్చింది.

"వర్జ్యంలో తీసేసుకుందిరా. ఇంక మంచాన ఉన్న ఆవిణ్ణి చూడనేమోరా."

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "నువ్వు ఇస్తే ఇచ్చినట్టు కాదత్తయ్యా. ఆవిడ ముద్ర వేస్తేనే లెక్క. ముద్రలన్నీ పదకొండుకి వేస్తారని గార్డు చెప్పాడు." గార్డుతో నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు అరవం రాదు.

అత్తయ్య నా మొహం చాలాసేపు చూసింది. కొబ్బరికాయ ఇలా తే అని, అక్కడే ఫుట్‌పాత్ అంచున కొట్టింది. ఆ తర్వాత చుట్టాలకి చెప్పినప్పుడల్లా నేను ఆ ముద్ర అబద్ధాన్ని ఇంకాస్త పెంచాను. కథలో తెల్లావిడని ఆపింది నేనే, తమలపాకుని పైకి తీసింది నేనే.

మొన్న ఒక పెళ్ళిలో అత్తయ్య ఈ కథ తనే చెబుతుంటే విన్నాను. అబద్ధమాడడం చేతకాని ఆ మనిషి, చుట్టూ పదిమంది కూర్చుని ఉండగా, ఆకు మీద కార్డు ఎలా పెట్టిందో చెయ్యి చాపి చూపించింది. నమ్మి చెబుతోందో, నా పరువు నిలబెట్టడానికి చెబుతోందో నాకు అంతుపట్టలేదు. కార్డు అందుకున్నాక తెల్లావిడ ఆ ఆకుని కళ్ళకద్దుకుందని కూడా అంది.

అది మాత్రం నేను కల్పించింది కాదు.