రేవు మెట్ల మీద వేలిముద్ర

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరి బడికి మావారికి బదిలీ అయ్యేనాటికి మా పెద్దవాడికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. క్రోసూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఎద్దుబండి. సామాను దింపుతుండగానే నేను పిల్లవాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మాకు దొరికిన ఇల్లు రేవుదారిలో చివరిది. గడప దాటితే దారి, దారి దాటితే పల్లం, పల్లం దిగితే ఏరు. గుంటూరులో కాలేజీ చదువు చదివే రోజుల్లో కృష్ణ అంటే నాకు రైలు వంతెన మీద నుంచి కనిపించే నీళ్ళు మాత్రమే. ఇప్పుడది మా పిల్లవాడు పరిగెత్తి చేరుకోగలిగిన దూరంలో ఉంది.

ఊరిని తప్పు పట్టడానికి లేదు. వేసవిలో నీళ్ళు అవతలికి జరిగి, ఇవతల పెద్ద ఇసుక తిన్నె తేలేది. సాయంత్రమైతే ఊరు సగం అక్కడే. ముసలివాళ్ళు ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. ఆదివారం ప్రార్థన అయ్యాక మా క్రైస్తవ కుటుంబాల వాళ్ళం కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని అటే నడిచేవాళ్ళం. బావి నీళ్ళతో పప్పు ఉడకదు కాబట్టి, ఇంట్లో బావి ఉన్నవాళ్ళు కూడా వంటకు ఏటినీళ్ళే మోసుకునేవాళ్ళు. అందుకని ఆ రేవు లేకుండా ఎవరికీ పొద్దు గడిచేది కాదు.

తీరా నన్ను ఎక్కువ భయపెట్టింది నీళ్ళు కాదు, బండ్లు. మా రేవులో బల్లకట్టు ఉండేది. రెండు పడవల మీద బల్లలు పరిచి, బండ్లనూ ఎద్దులనూ మనుషులనూ కలిపి అవతలి ఒడ్డుకు దాటించే సాధనం అది. మిరపకాయల బస్తాలు, పత్తి మోపులు వేసుకుని ఎక్కడెక్కడి బండ్లో వచ్చేవి. బల్లకట్టు అవతల ఉంటే ఇవతల బండ్లు ఆగాలి. ఆగేది మా గుమ్మం ముందున్న పల్లంలోనే. ముందు వచ్చినవాడికి ముందు వంతు కాబట్టి, ఎవరికివాళ్ళు నీళ్ళ దగ్గరగా తోసుకుని నిలబెట్టేవాళ్ళు. ఎద్దుల్ని విప్పి, కాడి కింద ఊతకర్ర పెట్టి, చక్రం జారకుండా ఒక రాయి అడ్డం వేసేవాళ్ళు.

ఆ ఒడ్డంతా నల్లరేగడి. వెతికినా రాయి దొరకదు. దొరికే రాళ్ళల్లా రేవు మెట్లవే. ఏనాడో ఎవరో పెద్దలు నాపరాళ్ళు పరిపించి కట్టించిన మెట్లు. సున్నం లేదు, సిమెంటు లేదు. అంచున ఉన్న రాయిని కాస్త కదిపితే ఊడి చేతికి వస్తుంది. బండివాడు దాన్ని తెచ్చి చక్రం కింద పెడతాడు. బల్లకట్టు రాగానే బండి తోలుకుని పోతాడు. రాయి దారిలోనే ఉండిపోతుంది, లేదా దొర్లి ఏట్లో పడుతుంది. తర్వాతి బండివాడు మెట్ల దగ్గరికి పోయి ఇంకొకటి తెచ్చుకుంటాడు. ఎవరికీ దురుద్దేశం లేదు. మేం వచ్చేసరికే ఆ మెట్లు పళ్ళూడిన నోరులా తయారయ్యాయి. నిండు బిందె చంకనెత్తుకున్న ఆడవాళ్ళు ఒకచోట రాయి మీద, మరొకచోట బురదలో అడుగు వేస్తూ ఎక్కేవాళ్ళు.

నేను పాత చీర ఒక కొసను మావాడి నడుముకు కట్టి, రెండో కొసను మంచం కోడుకు ముడివేసి పని చేసుకునేదాన్ని. వాడు గడప దాకా పోగలిగేంత పొడుగు వదిలేదాన్ని. వాడేమీ ఏడ్చేవాడు కాదు. గడపలో కూర్చుని ఎద్దులతో మాట్లాడేవాడు.

ఒక మధ్యాహ్నం నేను అన్నం వారుస్తుండగా బయట పెద్ద చప్పుడైంది. పల్లంలో చోటు లేక దారి ఎగువన ఆగిన మిరపకాయల బండి ఒకటి రాయి జారి కదిలింది. ఊతకర్ర పడిపోయి, కాడి నేలను దున్నుకుంటూ వచ్చి, అడ్డం తిరిగి మా అరుగుకు కొట్టుకుంది. అరుగు మీది నీళ్ళకుండ ముక్కలైంది. మావాడు గడప లోపల కూర్చుని, చక్రం వంక నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చీర బిగుసుకుని ఉంది. ఆ ముడే లేకపోతే వాడు అరుగు మీద ఉండేవాడు.

బండివాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచివాడే. మొహం పాలిపోయింది.

"ఏం కాలేదు గదమ్మా, బుడ్డోడు బానే ఉండాడు గదా."

"రాయి సరిగ్గా పెట్టుకోవద్దా అయ్యా?"

"పెట్టానమ్మా. అది చిన్నదైంది. ఈపాలి పెద్దది తెచ్చి పెడతా."

అన్నమాట ప్రకారం మెట్ల దగ్గరికి పోయి, ఉన్నవాటిలో పెద్ద రాయిని ఊడదీసుకుని వచ్చాడు.

పంచాయతీకి అర్జీ రాస్తానంటే మావారు వద్దన్నారు. బడి పంతులు ఊరి వ్యవహారాల్లో తలదూర్చకూడదని ఆయన భయం. మా ముందు పనిచేసిన పంతులు అలాంటిదానికే బదిలీ అయి పోయాడట. ఆయన్ని నేను తప్పు పట్టలేదు. కానీ ఆ చక్రం నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

మా దారిలోనే పైన పెంకుటింటి పెద్దమ్మ ఉండేది. భూములున్న ఇల్లు, నలుగురికి పెట్టే చెయ్యి. పంచాయతీలో ఆడమెంబరు కూడా ఆవిడే. నేను వెళ్ళేసరికి వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది.

"పెద్దమ్మా, మీరు పంచాయతీలో మెంబరట కదా."

"అట్నే అంటన్నారు. నేనెప్పుడు చూశా పంచాయతీని? గుమస్తా పుస్తకం పట్టుకొస్తాడు. ఏలు చాపమంటాడు, చాపుతా. పంచాయతీకి పొయ్యేది నా ఏలు. నేను గాదు."

"దేనికి వేశారో అడగరా?"

"ఒకపాలి అడిగా. దీపాలకన్నాడు. ఊళ్ళో దీపం యాడరా అంటే, వస్తయ్ లే పెద్దమ్మా అన్నాడు."

నేను బండి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ నన్ను చూడలేదు. నా ఒళ్ళో ఉన్న పిల్లవాడి చొక్కా పైకెత్తి, నడుము చుట్టూ చీర ఒరుసుకుని పడిన ఎర్రటి చారను చూస్తూ ఉండిపోయింది.

"ఏందమ్మాయ్ ఇది. లేగదూడని కట్టినట్టు కట్టేశావు."

"ఏం చెయ్యమంటారు?"

"నువ్వు చేసేదేం లేదులే. పొయ్యి అన్నం తిను" అంది.

నేను నిరాశగానే ఇంటికి వచ్చాను. కానీ ఆ మరుసటి వారం నేను మళ్ళీ వాళ్ళ వసారాలో ఉండగానే గుమస్తా వచ్చాడు. పంచాయతీకి రేడియో కావాలని ప్రెసిడెంటుగారి కోరిక. చావడి మీద పెట్టి ఊరందరికీ వినిపించాలట. కిందటిసారి ఒక వేలిముద్ర తక్కువైందని తాలూకా నుంచి కాయితాలు వెనక్కి వచ్చాయి. ఈసారి మెంబర్లందరివీ పడి తీరాలి.

పెద్దమ్మ చెయ్యి చాపలేదు. "కారం చెయ్యిరా. నీ పుస్తకానికి తగిలిందంటే తాలూకా ఆఫీసంతా తుమ్ములే" అంది.

రెండోసారి వస్తే గోరింటాకు పెట్టుకున్నానంది. మూడోసారి వస్తే వేలికి ముల్లు గుచ్చుకుందని పసుపుగుడ్డ చుట్టి చూపించింది.

"ఈ వయసులో గోరింటాకేంది పెద్దమ్మా" అని గుమస్తా గొణిగాడు.

"నీ పెళ్ళాం పెట్టుకోదంట్రా? పెట్టుకోదులే పాపం, నిన్ను చూశాక."

నాకు నవ్వు రాలేదు. ఆవిడ వేలు దాస్తున్నది నా గోడు విన్నాకే. రేడియో కోసం ఊళ్ళో పిల్లలంతా ఎదురుచూస్తున్నారు. బడిలో మావారి క్లాసులో అదే మాట. నా వల్లే ఆగిందని తెలిస్తే ఏమవుతుందోనని ఇంట్లో ఆ ఊసే ఎత్తేదాన్ని కాదు. అలాగని వెళ్ళి, వేసెయ్యండి పెద్దమ్మా అని కూడా చెప్పలేకపోయాను. రోజూ బండ్లు వస్తూనే ఉన్నాయి. నేను చీర ముడి ఇంకా బిగించి కట్టేదాన్ని.

చివరికి ప్రెసిడెంటుగారే కదిలారు. ఆయన పెద్దమ్మకు వరసకు బావ. తెల్లటి పంచె, భుజం మీద కండువా, వెనక పుస్తకమూ సిరా ప్యాడూ పట్టుకుని గుమస్తా. ఇంటికి వెళ్తే, రేవుకు పోయిందని చెప్పారట. అక్కడికే వచ్చారు. అప్పటికే నేను కూడా మావాడిని చంకనేసుకుని నీళ్ళకు వచ్చి ఉన్నాను. మెట్ల కింద పదిమంది ఆడవాళ్ళున్నారు. పల్లంలో బండ్లు బారులు తీరి ఉన్నాయి.

"ఏమ్మా మరదలా, నీ ఏలికేమైంది?" అన్నారాయన పైనుంచే.

"ఏలు బానే ఉంది బావా. కాళ్ళే బాలా. ఈ మెట్లెక్కి ఇంటికి చేరేసరికి ఏలెయ్యడానిక్కూడా ఓపికుండట్లా."

"అయితే ఈడనే వెయ్యి."

"వేస్తా. ఆ బిందె కాస్త పైకి చేర్చు. నడుం పట్టేసింది."

అందరూ చూస్తున్నారు. ఆయన కాదనలేకపోయారు. కిందికి దిగి, కండువా నడుముకు చుట్టుకుని, బిందెను భుజానికెత్తుకున్నారు. మగవాళ్ళకు చంకన పెట్టుకోవడం రాదు కదా. రెండు మెట్లు బాగానే ఎక్కారు. ఆ పై మెట్టు ఉండాల్సిన చోట లేదు. కాలు చీలమండ దాకా రేగడిలో దిగిపోయింది. బిందె ఒరిగి సగం నీళ్ళు మెడ మీదుగా వీపున జారాయి. ఎవ్వరూ నవ్వలేదు. ఆయన ప్రెసిడెంటు. మా వాడొక్కడే చప్పట్లు కొట్టి పకపకా నవ్వాడు. ఇక ఆడవాళ్ళు ఆపుకోలేకపోయారు.

ఆయన కాలు పైకి లాక్కుని, "ఈడి మెట్టేమైంది?" అన్నారు.

"నల్లెద్దుల బండి నీదే గదా బావా. దాని చక్రం కింద చూసుకో."

ఆయన వెళ్ళి చూశారు. వాళ్ళ పాలేరు ఆ పొద్దునే తీసి పెట్టిన రాయి. ఎన్ని తరాల పాదాలు పడ్డాయో, మధ్యలో నునుపుగా అరిగి, పల్లెంలా గుంటపడి ఉంది. ఆయన వంగి దాని మీద చెయ్యి వేసి చూశారు. ఒంటి మీది నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయారు.

"మా అమ్మ నీళ్ళు మోసిన మెట్లు ఇయ్యి" అన్నారు తనలో తనే.

అప్పుడు పెద్దమ్మ గొంతు తగ్గించింది. "ఈ పంతులమ్మ పసోణ్ణి నడుముకు తాడేసి పెంచుతాంది బావా. మొన్న బండి పొయ్యి వాళ్ళ అరుగు మీదెక్కింది. రేడియో పెట్టుకుందాం, నేనొద్దన్లా. వినడానికి పిల్లలుండాలిగా."

పంచాయతీ అక్కడే జరిగింది. ఊళ్ళో ఉన్న మెంబర్లను గుమస్తా పిలుచుకొచ్చాడు. బండివాళ్ళు కూడా చుట్టూ చేరారు. బండ్లు ఒడ్డు పైన, తాటితోపు పక్కనున్న మట్టం నేలలో ఆగాలని ప్రెసిడెంటుగారు అన్నారు.

"ఆడుంటే బల్లకట్టు వచ్చింది ఎట్టా తెలుస్తదయ్యా? మా వంతు పోదా?" అన్నాడు ఒక బండివాడు. న్యాయమైన మాటే.

"బల్లకట్టోణ్ణి డబ్బా కొట్టమను" అంది పెద్దమ్మ. "డబ్బా మోతకు ఒక బండి దిగాల. మల్లా మోగిందాకా ఇంకోటి కదలకూడదు."

"మరి మెట్ల రాళ్ళో?" అన్నాడు ఒక మెంబరు.

"తీసినోళ్ళే తేవాల" అంది పెద్దమ్మ.

"ఎవరు తీశారో ఏం గుర్తు?" అన్నాడు బండివాడు.

"ఇప్పుడు ఎవరి చక్రం కింద రాయుందో వాళ్ళంతా. వచ్చేపాలి తలా ఒక నాపరాయి తెచ్చి ఈడ పడెయ్యండి. చక్రానికి అడ్డమెయ్యను దుంగముక్క ఒకటి బండికి కట్టుకుంటే ఈ గోలంతా ఉండదుగా."

మొదటి రాయి తనదేనని ప్రెసిడెంటుగారు ఒప్పుకున్నారు. పెద్దమ్మ చెయ్యి చీర చెంగుకు తుడుచుకుని, మెట్టు మీద కూర్చునే వేలిముద్ర వేసింది. వేసే ముందు గుమస్తాతో రాసినదంతా చదివించుకుంది. రేడియో కింద రేవు సంగతి కూడా రాశారో లేదో అని.

అన్నీ ఒక్కసారిగా బాగుపడలేదు. దొడ్డిదారిన పల్లంలోకి దిగే బండి ఒకటి అరా ఉండేది. పెద్దమ్మ వసారాలోంచే కేకలు వేసేది. కానీ రాళ్ళు వచ్చాయి. ఒక్కోటి ఒక్కో మందం, ఒక్కో రంగు. మెట్లు బొంతలా తయారయ్యాయి కానీ, అడుగు పెట్టిన చోటల్లా రాయి తగిలేది. డబ్బా మోగినప్పుడల్లా మావాడు ఇంట్లో చెంబు మీద గరిటెతో కొట్టేవాడు.

నేను వాణ్ణి వెంటనే విప్పలేదు. మనసొప్పలేదు. ఒకరోజు పెద్దమ్మ వచ్చి, మాట్లాడకుండా మంచం కోడుకున్న ముడి విప్పి, చీర మడతపెట్టి నా చేతికిచ్చింది. "ఎద్దునైనా విప్పుతాం గదే, పని అయిపొయినాక" అంది. ఆ సాయంత్రం వాడు నా వేలు పట్టుకోకుండా గడప దాటి, దారి దాటి, మెట్ల దాకా నడిచాడు. నేను రెండడుగుల వెనకే ఉన్నాను. చెయ్యి చాచలేదు. చాచకుండా ఉండడానికి చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకున్నాను.

ఆ చీర తర్వాత రెండోదానికి ఉయ్యాలైంది. ఇప్పుడు వేరే ఊళ్ళో, ఏరు లేని చోట, పిల్లలిద్దరూ నిద్రపోయాక ఇది రాసుకుంటున్నాను. ఇంకొక్కటి చెప్పాలి.

ప్రెసిడెంటుగారు తెప్పించిన రాయి అన్నిటికన్నా పెద్దది. తొందరలో సరిగ్గా కుదర్చలేదేమో, ఒక మూల అడుగు పడితే అటూ ఇటూ ఊగేది. మావాడికి అదే ఇష్టమైన చోటు. దాని మీద నిలబడి ఊగుతుంటే నాకు ప్రాణం పోయేది. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఉండబట్టలేక మళ్ళీ పెద్దమ్మ వసారా ఎక్కాను. నేను నోరు తెరవకముందే ఆవిడ నా మొహం చూసింది. చేతిలోని చేట పక్కన పెట్టింది.

"ఏందమ్మాయ్," అంది, "మల్లా ఏలు దాచమంటావా?"