బోలు అని రాసిన వంతెన

వంతెనను పగలగొట్టకుండా, బెజ్జం వేయకుండా దాని లోపల ఏముందో చెప్పటం నా ఉద్యోగం. ఈ మాట చెబితే సరిహద్దు ఊరు కొంటాలో మా చుట్టాలు "అయితే వంతెనల డాక్టరమ్మవన్నమాట" అని ఆటపట్టించేవాళ్ళు. నేను కాదనేదాన్ని కాదు. డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నాకు గర్వం పాలు ఎక్కువే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకాన్ని. ఆ గర్వం ఎక్కడ దిగిందో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట, సుక్మా లోపలి ఊళ్ళకు పోయే దారిలో ఒక వాగు మీది పాత వంతెనను పరీక్షించమని మా ఇద్దరిని పంపారు. స్తంభాల మధ్య మూడు ఖానాలున్న వంతెన. గొడవల కాలంలో ఆ దారి ఏళ్ళ తరబడి మూతపడి ఉండి, ఈమధ్యే తెరుచుకుంది. బస్సు ఒకటి తిరుగుతోంది. సరుకు లారీలు వస్తున్నాయి. ఫోను చేస్తే అంబులెన్సు కూడా వస్తోంది. ఇక బరువు బళ్ళు పెరుగుతాయి కనుక వంతెనలో సత్తువ ఎంత మిగిలిందో, ఎక్కడ మరమ్మతు కావాలో మేము చూసి చెప్పాలి. నాతో వచ్చినాయన రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. హిందీ తప్ప మరో భాష రాదు. ఉద్యోగమంతా వంతెనల కింద నిలబడి, సుత్తితో తట్టి, చప్పుడును బట్టి కాంక్రీటు సంగతి చెప్పారు. నన్ను "బిటియా" అని సొంత కూతురిలా పిలిచేవారు.

పద్ధతి సులువే. వంతెన అడుగున సుద్దముక్కతో గళ్ళు గీసి గడికో నంబరు వేస్తాం. ఆయన కింద నిలబడి, వెదురుగడ చివర కట్టిన చిన్న సుత్తితో గడిని తడతారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే లోపల పొర లేచిందని అర్థం. నేను పైన రెయిలింగు దగ్గర కూర్చుని నంబరు పిలవాలి, ఆయన చెప్పింది రాయాలి. గట్టిదాన్ని ఆయన "ఠోస్" అనేవారు, డొల్లదాన్ని "ఖోఖ్లా". మొదటి రోజు అన్నాల దగ్గర, ఖోఖ్లాను మా తెలుగులో బోలు అంటామని చెప్పాను. ఆయనకు ఆ మాట భలే నచ్చింది. ఖాళీ అయిన టిఫిను డబ్బాను చెంచాతో కొట్టి "బోలు" అని నవ్వారు. ఆ పూట నుంచి ఆయన నోట ఖోఖ్లా పోయి బోలు వచ్చింది. నేర్పినందుకు నేనూ మురిసిపోయాను.

మాకు వంట చేసిపెట్టింది వంతెన మొదట్లో టీ కొట్టు పెట్టుకున్న పెద్దమ్మ. భద్రాచలం వైపు నుంచి ఎప్పుడో కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"ఏంది బిడ్డా, గట్ల కొడుతున్నడు, పలుగదా?" అని అడిగింది.

"పలుగకుండ చూస్తానికే పెద్దమ్మా. కుండ కొనేటప్పుడు తట్టి చూడవా, గట్లనే" అన్నాను.

"కుండ మంచిది గాకపోతే ఇంకోటి తీసుకుంట. ఇది మంచిది గాకపోతే ఏం జేస్తవు?"

"బాగు చేసేదాక బండ్లు ఆపుతం."

ఆమె ముఖం మారిపోయింది. కొడుకూ కోడలూ వంతెనకు అవతల మూడు కోసుల దూరంలో ఉంటారు. కోడలికి ఎనిమిదో నెల. దారి తెరవకముందు మొదటి కాన్పు ఇంట్లోనే జరిగి బిడ్డ దక్కలేదు. "ఈసారన్న అంబులెన్సు ఇంటి ముంగటికి వస్తదని కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తున్న. జర మంచిగ రాయి బిడ్డా" అంది. ఉన్నదే రాస్తానన్నాను. కొంచెం కటువుగానే అన్నాను.

రెండో రోజు నడి ఖానా. పక్క ఖానాల కింద నేల పొడిగా ఉండటంతో అంతకు ముందు రోజు ఆయన మాట స్పష్టంగా వినిపించింది. నడి ఖానా కింద వాగు రాళ్ళ మీద పడి ఒకటే రొద. ఆయన మోకాలి లోతు నీళ్ళలో, నేను పైన. నంబరు పిలిచేదాన్ని. సుత్తి చప్పుడు ఆ హోరులో కలిసిపోయేది. ఆయన నుంచి ఒక్క మాటే పైకి చేరేది. బోలు. రాసుకుని ఇంకో నంబరు పిలిచేదాన్ని. మళ్ళీ బోలు. నా పుస్తకంలో గట్టిదానికి 'గ' అని, బోలుదానికి 'బో' అని రాయటం అలవాటు. సాయంత్రానికి ఆ ఖానా పేజీలన్నీ 'బో'లే.

చదివి వినిపిస్తే ఆయన "ఇత్నా?" అన్నారు, ఇంతా అని. వంతెన తనకు బాగానే మోగినట్టుందన్నారు. నేను పుస్తకం ఆయన ముందుకు తోశాను. తెలుగు అక్షరాలు ఆయనకు రావు. అన్ని గళ్ళలో ఏది ఎలా మోగిందో గుర్తుపెట్టుకోవటం ఎవరి తరమూ కాదు. "లిఖా హై తో హోగా" అన్నారు. రాసి ఉందంటే అయ్యే ఉంటుందని. అలా అంటూ చెవి తడుముకున్నారు. పాపం, ముసలితనం అనుకున్నాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కీడెంచి మేలెంచాలన్నది మా పనిలో మొదటి పాఠం. కాంక్రీటు లోపలికి ధ్వని పంపి కొలిచే యంత్రం వచ్చి తేల్చేదాకా బళ్ళు ఆపమని మా రిపోర్టు చూసి పైవాళ్ళు అన్నారు. వంతెనకు రెండు వైపులా ఎర్రమట్టి దిబ్బలు పోశారు. మనుషులూ సైకిళ్ళూ మాత్రం పోవచ్చు. యంత్రం వేరే జిల్లాలో పని మీద ఉంది. నెల దాటినా రాలేదు.

కోడలికి నొప్పులు ఆ రోజుల్లోనే వచ్చాయి. నేను కిరండూల్‌లో వేరే పని మీద ఉన్నాను, తర్వాత విన్నాను. పొద్దున్నే ఫోను చేస్తే అంబులెన్సు వచ్చి దిబ్బ దగ్గర ఆగింది. అవతలి ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరూ వంతెన మూసిన రోజే ఇవతల చిక్కుకుపోయింది. నులక మంచానికి గడ కట్టి, భుజాలు మార్చుకుంటూ ఊరివాళ్ళే మోసుకొచ్చారు. పెద్దమ్మ దిబ్బ పక్కన నిలబడి, మంచం వచ్చే దారికేసి చూస్తూనే ఉందట. మంచం వంతెన ఎక్కాక, ఇవతలి దిబ్బ ఇంకా కొన్ని అడుగుల దూరంలో ఉండగానే కాన్పు అయిపోయింది. తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు.

ఆ తర్వాత యంత్రం వచ్చింది. నడి ఖానా అంతా గట్టిగా ఉందని చెప్పింది. నమ్మలేక రెండోసారి చూశాం. అదే మాట. సుత్తితో మళ్ళీ తట్టి చూడమని పై ఆఫీసరు అన్నాడు. ఈసారి నేను పైకి ఎక్కకుండా నీళ్ళలో ఆయన పక్కనే నిలబడ్డాను. మొదటి గడి ఖంగుమంది. ఆయన తనలో తాను గొణుక్కున్నట్టు "ఠోస్" అన్నారు. తర్వాత అలవాటు కొద్దీ తలెత్తి, రెయిలింగు వైపు గట్టిగా "బోలో" అని కేక వేశారు. ఇంకో నంబరు చెప్పమని. నా చెయ్యి అప్పటికే 'బో' అని రాసేసింది.

బోలో అంటే హిందీలో చెప్పు. ఆ రోజు వాగు హోరు దాటి నాదాకా చేరింది ఈ కేకే. రోజుకు నాలుగు భాషల్లో బేరాలాడే ఊళ్ళో పుట్టినదాన్ని, ఆ మాట నాకు తెలియకపోవటమేమిటి? ఊహ తెలిసినప్పటి నుంచీ బజారులో వింటున్న మాటే. కానీ ఆయనకు తెలుగు నేర్పానన్న మురిపెంలో ఆ హోరులో నా చెవికి తెలుగు తప్ప మరేదీ ఎక్కలేదు.

"క్యా లిఖా, బిటియా?" అని ఆయన పుస్తకంలోకి తొంగిచూశారు. ఏం రాశానో చెప్పాను. తిట్టినా బాగుండేది. ముందు ఆయన ముఖం విప్పారింది. "తో మేరే కాన్ ఠీక్ హై" అన్నారు, నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట అని. నెల పైగా చెవులు పోయాయనే అనుకుంటూ, సుత్తి పట్టాలంటే జంకుతూ తిరిగారట. ఆ వెంటనే మంచం సంగతి గుర్తొచ్చినట్టుంది. గడను నీళ్ళలో వదిలేసి వెళ్ళి గట్టు మీద కూలబడ్డారు. అది కొట్టుకుపోకుండా నేను పట్టుకున్నాను.

తప్పు నాదేనని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, అంతే. అంతకంటే పెద్ద శిక్ష పడితే నాకు తేలిగ్గా ఉండేదేమో.

దిబ్బలు తీసే రోజు వెళ్ళాను. చెప్పకుండా తిరిగి వచ్చేయవచ్చు, ఎవరూ అడగరు. కాళ్ళు టీ కొట్టు వైపే నడిచాయి. పెద్దమ్మ బాగా చిక్కిపోయింది. ఎప్పటిలాగే టీ పోసి ఇచ్చింది. జేసీబీ మట్టిని పక్కకు నెడుతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

"వంతెన బాగు చేసిన్రా బిడ్డా?" అని అడిగింది.

"బాగు చేసేది ఏం లేదు పెద్దమ్మా. మంచిగనే ఉన్నది."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది. నేనే తప్పు విన్న. తప్పు రాసిన."

ఆమె నా వైపు తిరగలేదు. జేసీబీ ఇంకో రెండుసార్లు మట్టి ఎత్తి పోసింది. అప్పుడు అడిగింది.

"అయితే ఆ పొద్దు మా కోడలు పిల్లను మావోళ్ళు ఊకెనే మోసిన్రా?"

"ఊకెనే, పెద్దమ్మా" అన్నాను.