మూత మీద నిప్పులు

ఇక్కడొక మహాకావ్యం మొదలవుతోంది. అందులో అగ్ని ఉంది, మరణం ఉంది, కన్నీళ్లున్నాయి. నిజం చెప్పాలంటే ఉన్నది వంకాయ కూర, మిగతావి దాని చుట్టూ చేరాయి. మొన్న తాడేపల్లిగూడెంలో మా వీధి ఇస్త్రీబండి దగ్గర బొగ్గుల వాసన రాకపోతే ఏమిటా అని చూశాను. బండాయన గ్యాస్ ఇస్త్రీపెట్టెకు మారాడట, మిగిలిన బొగ్గుల సంచి నా చేతిలో పెట్టాడు. ముప్ఫై దాటీ దాటకుండా జ్ఞాపకాలేమిటని నవ్వకండి, కుంపటి చూసినవాళ్లమంతా ఒక్క ఈడువాళ్లమే.

గుండుగొలనులో మా పెద్దమ్మ, చేపల చెరువు గట్టు మీద కాసిన వంకాయల్లో నువ్వుల ముద్ద కూరి, కందముక్కలూ చిక్కుడుగింజలూ జతచేసి, బరువైన ఇనపగిన్నెలో సర్ది, మూత అంచు చుట్టూ పిండి మెత్తి, కుంపటి మీదికెక్కించి, మూత మీద కూడా నిప్పులు పోసేది. పిండి మెత్తాక మధ్యలో మూత తీయడమన్నది లేదు కనుక ఉప్పు సంగతి కంచంలోనే తేలాలి. ఆ తీర్పు పెదనాన్నది. ఆయన మొదటి ముద్ద తిని నోరు విప్పేదాకా మేమంతా కలిపిన ముద్దలు చేత్తో పట్టుకుని, కోర్టులో ముద్దాయిల్లా కూర్చునేవాళ్లం.

"ఉప్పెలా ఉందండీ?"

"సరిపోయిందే."

పెద్దమ్మ ఉప్పు వేయడమే మరిచిపోయిన రోజునా అదే మాట. ఆ పూట ఆవకాయ జాడీ సగానికి దిగింది.

పెదనాన్న పోయాక పెద్దమ్మ అన్నం మానేసింది. గ్లాసెడు జావతో రోజు గడిపేది, చిక్కి సగమైంది. తన చేత్తో వండుకుంటే తింటుందేమోనని మా అమ్మ బతిమాలి ఆవిడ చేతే మళ్లీ కుంపటి వెలిగింపజేసింది. పెద్దమ్మ వండింది, అందరికీ వడ్డించింది, తనూ కంచం పెట్టుకుంది. అమ్మ కళ్లు ఆ కంచం మీదే. ముద్ద కలుపుతూ పెద్దమ్మ, అలవాటు కొద్దీ, గోడవార ఖాళీ పీట వైపు తిరిగి, "ఉప్పెలా ఉందండీ?" అంది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఎవరో ఒకరు అనాలి కదా అని నేనే అన్నాను.

"సరిపోయింది పెద్దమ్మా."

"ముద్ద ఇంకా నీ చేతిలోనే ఉంది కదరా."

నిజమే. అందరి ముద్దలూ చేతుల్లోనే ఉన్నాయి, ఆయన చెప్పాలని. పెద్దమ్మ కంచం పక్కకు జరిపి, లేచి, కుంపట్లో నీళ్లు పోసింది. ఆ తర్వాత అన్నం ముట్టలేదు. ఆ ఏడాది దాటలేదు. ఆ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాకీనాటికీ తెలియదు, ఎవరమూ తినలేదు.

ఇప్పుడు ఎవరి మాట కోసమూ ఎవరూ ముద్ద ఆపరు. నేనూ ఫోను చూసుకుంటూ ఒక్కణ్నే తింటాను, ఉప్పెలా ఉందని అడిగేవాళ్లు లేరు. ఆ ఇనపగిన్నె నా దగ్గరే ఉంది, బొగ్గులూ వచ్చాయి, కుంపటి లేదు. గదిలో ఉన్నది ఇండక్షన్ పొయ్యి. అడుగు గుండ్రంగా ఉన్న గిన్నె దాని మీద వేడెక్కదు.