రోస్లిన్ మడత పెట్టెలు

పట్టాల మరమ్మతు పుణ్యమా అని ఆ శనివారం కూడా సిడ్నీ నుంచి వులంగాంగ్ వెళ్ళే రైలు బస్సయి కూచుంది. సదర్లాండ్‌లో ఒక నడివయసు ఆవిడ థర్మాకోల్ పెట్టెతో వచ్చి నా పక్కన కూలబడింది. ఒక చేతిలో సగం కొరికిన సాసేజ్ రోల్. మేకపిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న వాళ్ళ పక్కన కూచుని కొండదారులన్నీ తిరిగినవాణ్ణి నేను. సామాను మీద ఇంత విసుక్కునే మనిషిని మాత్రం చూడలేదు.

"ఇటు ఒరక్కండి పెద్దాయనా! ఇది కుదిపితే చంపేస్తాను."

"ఏముందమ్మా అందులో, చేపలా?"

"పెట్టెలు."

"పెట్టెలో పెట్టెలా?"

"నవ్వండి. మీరొక్కరే తక్కువయ్యారు."

పేరు రోస్లిన్ ట్రెవాస్కిస్. కూటముండ్రా వైపు పొలాలకు కంచెలు వేసే మనిషి కూతురు. టోపీ పెట్టుకోమంటే వినని ఆ తండ్రికి చెవి మీద మచ్చ లేచింది. మెలనోమా, అంటే చర్మపు క్యాన్సర్. చెవి కోశారు, రోగం ఊపిరితిత్తుల్లో తేలింది. ఒంట్లో ఉన్న రోగనిరోధక కణాలను ఉసిగొలిపే మందు ఎక్కిస్తే, అవి క్యాన్సర్‌తో పాటు ఆయన పేగుల మీదా పడ్డాయి.

"మందు మంచిదే. ఎక్కడ కొట్టాలో తెలీదు దానికి, మా నాన్నలాగే," అంది.

అందుకని ఆవిడ ఈ పనిలో దిగింది. పొడవాటి డీఎన్‌ఏ పోగును పొట్టి పోగులతో కుట్టి, కంటికి ఆనని పెట్టెగా మడుస్తుంది. లోపల మందు. మూతకు తాళం. క్యాన్సర్ కణం తగిలితేనే అది తెరుచుకుంటుంది. ఆ పెట్టెల్నే ఇవాళ వులంగాంగ్‌లో ఎలుకలకు ఎక్కించాలి. రేపటికి వాటి ఒంట్లో పెంచిన కణితులు హద్దు దాటితే, నియమం ప్రకారం ఎలుకల్ని చంపెయ్యాలి. ఏడాది పని మళ్ళీ మొదటికొస్తుంది.

నేను ఊరుకోలేను కదా. కాగితం మడత తనంతట తనే నిలుస్తుంది, మరి పోగును ఏది పట్టి ఉంచుతుందని అడిగాను.

"అబ్బా, మెగ్నీషియం! ఆ పోగుకి పక్క పోగంటే పడదు, దూరం నెట్టేస్తుంది. మెగ్నీషియం మధ్యలో కూచుని రాజీ చేస్తుంది. దాన్ని లాగేస్తే పెట్టె లేదు, చిక్కుపడ్డ నూలే! మామూలు డీఎన్‌ఏ దాచే నీళ్ళుంటాయి, మెగ్నీషియాన్ని పీల్చేసే సరుకు వాటిలోనే ఉంటుంది. ఏళ్ళ తరబడి అలవాటు కదా, చెయ్యి ఆ సీసా మీదికే పోతుంది. వద్దర్రా అని మా ల్యాబు పిల్లలకి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. గాడిదలు!"

"మరి పొద్దున నువ్వేం పోశావు?"

"నేనా? నేను గాడిదనా? చిక్కగా ఉంటే పలచన చేశాను. బస్సుకి టైమవుతోందని, చేతికందిన ఆ సీసా..."

సాసేజ్ రోల్ నా చేతిలో పెట్టి ఫోను తీసింది.

"టిమ్, ఎలుకల్ని ముట్టుకోకు. పెట్టెలు పాడయ్యాయి, సాయంత్రం దాకా ఆగు... పాడు చేసిందెవరా? ఎవరైతే నీకెందుకు! ఇక్కడ మా ల్యాబు ఫ్రిజ్‌లో చిక్కటిది ఇంకో గొట్టం ఉంది, తెస్తాను."

హీత్‌కోట్‌లో బస్సు ఆగింది. ఎదురు దిక్కున సిడ్నీ బస్సు బయల్దేరబోతోంది. "అమ్మాయ్, నీ తిండి!" అని అరిచాను. ఆవిడ వెనక్కి చూడలేదు. చెయ్యెత్తి ఆ బస్సును ఆపుతూ రోడ్డు దాటేసింది. ఇందాక నన్ను ఒరగొద్దన్న పెట్టె ఇంకో చేతిలో సంచీలా ఊగుతోంది.