నక్క అల్లుడి ఆదివారాలు

మా ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీలు విప్పగానే ఏదో ఒక కబురు మొదలవుతుంది. మొన్నొకరోజు అది చిన్నప్పుడు చూసిన కార్టూన్ల మీదికి మళ్ళింది. హిందీ ముక్క రాని ఒకాయన ఏకంగా హిందీ పాటే అందుకున్నాడు. ఇంకొకావిడ ఏ జంతువు ఏ రంగు చొక్కా వేసుకునేదో కూడా చెప్పేసింది. తర్వాత అందరూ నా వైపు తిరిగి "మీకేది ఇష్టమండీ?" అని అడిగారు.

నేను పెరుగన్నంలో మాగాయ నంజుకుంటూ "నక్కది" అన్నాను. కథేమిటన్నారు. ఇల్లరికం వెళ్ళిన నక్క కథ అని చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, రెండేళ్ళపాటు ఒక్క ఆదివారం వదలకుండా చూసిన ఆ కార్టూన్ అసలు కథేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్లో వెతికితే దొరుకుతుందట. నేను వెతకలేదు. వెతకను కూడా.

మాది మచిలీపట్నం వైపు ఒక నేతగాళ్ళ ఊరు. ఇంట్లో రెండే గదులు. ముందు గది మగ్గానిది, వెనక గది మాది. గుంట మగ్గం కాబట్టి నాన్న కింది చెక్కలు తొక్కడానికి గుంటలోకి కాళ్ళు దించి, వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. మగ్గాన్ని జరపడం ఎవరి వల్లా కాదు. ప్లగ్గు ఉన్నది ఆ గదిలోనే, అదీ నాన్న వెనక గోడకే. దాంతో టీవీని ఆ గోడకున్న చెక్క మీద పెట్టారు. ఆ టీవీ కొన్నది మా నాన్న. అది కనిపించనిది కూడా ఆ ఇంట్లో మా నాన్న ఒక్కడికే.

నేతగాళ్ళకి ఆదివారం సెలవు లేదు. మా సెలవు అమావాస్య. ఆ ఒక్కరోజూ పోగు నేసే నాడె ముట్టుకోరు, మగ్గం మీద గుడ్డ కప్పేస్తారు. మిగతా రోజుల్లో, అది ఏ వారమైనా సరే, పొద్దున్నే మగ్గం మొదలవ్వాల్సిందే. కార్టూన్ వచ్చేది ఆదివారం పొద్దున. నేను మగ్గానికీ టీవీకీ మధ్య చాప వేసుకుని కూర్చునేదాన్ని. ముందు నుంచి హిందీ, వెనక నుంచి టకటక. హిందీ ఎలాగూ అర్థం కాదు కాబట్టి మగ్గం చప్పుడు వల్ల నాకు పెద్ద నష్టమేమీ ఉండేది కాదు.

ఒక ఆదివారం నాన్న తల తిప్పకుండానే "ఏం జరుగుతోందమ్మా?" అని అడిగాడు.

"నక్క పరిగెడుతోంది."

"ఎందుకు?"

తెరమీద నక్క మాత్రం చెప్పుకుపోతూనే ఉంది, పరిగెడుతూ మరీ. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలియదంటే నాన్న మళ్ళీ మగ్గంలో పడిపోతాడు. అంతకు ముందు వారమే మా వీధిలో ఒక ఇల్లరికం అల్లుడు అలిగి వెళ్ళిపోయాడు. కుళాయి దగ్గరా కిరాణా కొట్టు దగ్గరా అదే కబురు.

"అత్తారింట్లోంచి పారిపోతోంది" అన్నాను.

మగ్గం ఆగిపోయింది. నేను పుట్టాక మొదటిసారి నా మాటకి మగ్గం ఆగింది. "పాపం, ఏమన్నారంట?" అన్నాడు నాన్న.

అంతే, ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. నక్క అల్లుడైపోయాడు. కోటు వేసుకుని ఈల మెళ్ళో కట్టుకున్న లావుపాటి కుక్క మామగారు. ముత్యాల దండ వేసుకున్న బాతు అత్తగారు. మా వీధిలో వారమంతా జరిగినవన్నీ ఆదివారం వాళ్ళింట్లో జరిగేవి. పప్పులో ఉప్పెక్కువైందని మామగారు కంచం తోసేశాడు. కొత్త సైకిలు కొనిస్తానని చెప్పి పాత సైకిలుకి రంగు వేయించాడు. అది చూసి అల్లుడు మూడు రోజులు అన్నం తినలేదు. కథ మంచి పట్టులో ఉంటే మగ్గం ఆగేది. చప్పగా ఉంటే మళ్ళీ టకటక మొదలయ్యేది. నాకు అంతకన్నా మంచి కొలత ఇంకొకటి దొరకలేదు.

నాన్న అన్నం తినేటప్పుడు కూడా అల్లుడి తరఫునే మాట్లాడేవాడు. "కుర్రాడు మంచోడే. మామగారికే నోరెక్కువ" అనేవాడు. మనిషి మామూలుగా మితభాషి. పొద్దున గుంటలోకి దిగితే చీకటి పడేదాకా అక్కడే. ఇంట్లో మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ అరగంట మాత్రం నాతో మాట్లాడేవాడు. ఆ అరగంట కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఒకసారి అమ్మ నూలు చుట్టిన కండెలు బుట్టలో తెచ్చి నాన్న పక్కన పెట్టి, తిరిగి వెళుతూ టీవీ ముందు ఆగింది. తెరమీద నక్క విమానంలో ఎగురుతోంది. సరిగ్గా అప్పుడే నేను "అత్తగారు దొడ్లో గోంగూర కోస్తోంది" అంటున్నాను. అమ్మ తెర వైపు చూసింది, నా వైపు చూసింది, వెనక గదిలోకి వెళ్ళిపోయింది. నాన్నకి చెప్పేస్తుందేమోనని ఆ పూటంతా అమ్మ వెనకే తిరిగాను.

ఎందుకంటే నాన్నకి దాపరికం గిట్టదు. అంతకు ముందెప్పుడో ఆడుకుంటూ మగ్గం మీది పడుగులో పోగు ఒకటి తెంపి, నేను కాదని బుకాయించాను. చివరికి నేనేనని తేలింది. "తెగడం తప్పు కాదమ్మా. తెగలేదన్నావు చూడు, అది తప్పు" అన్నాడు నాన్న. కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అదే బాగా తగిలింది.

ఇంత తెలిసి కూడా నా నోరు ఊరుకోలేదు. ఒకరోజు క్యాలెండర్ తిరగేస్తుంటే వచ్చే నెల అమావాస్య ఆదివారం పడినట్టు కనిపించింది. అలా కలిసి రావడం ఏడాదికి ఒకసారో రెండుసార్లో, అప్పుడూ నాన్న నూలు కోసం బందరు వెళ్ళిపోయేవాడు. ఎగురుకుంటూ వెళ్ళి "నాన్నా, వచ్చే నెల అమావాస్య ఆదివారం. నువ్వు కూడా కార్టూన్ చూడొచ్చు" అని చెప్పేశాను.

నాన్న నాడె పక్కన పెట్టి, వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. "అయితే ఆ మామగారి మొహం చూడాల్సిందే" అన్నాడు.

అప్పుడు వెలిగింది నా బుర్రలో బల్బు. చేతులారా చేసుకున్నాను. నాన్న వచ్చి కూర్చుంటాడు, తెరమీద అత్తా ఉండదు, గోంగూరా ఉండదు. రెండేళ్ళుగా నేను చెప్పినదంతా కల్పితమని ఆ అరగంటలో తేలిపోతుంది. పోగు ఒక్కటి తెంపినందుకే రెండు రోజులు మాట్లాడని మనిషి, దీనికి ఎన్నాళ్ళు మాట్లాడడో నాకు లెక్క తేల్లేదు. తిట్టినా పడతాను గానీ, మళ్ళీ ఆదివారం "ఊఁ, తర్వాత?" అని అడగడేమో అన్నదే నా భయం.

అమావాస్య దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సహించలేదు. కరెంటు పోవాలని మొక్కుకున్నాను. మామూలుగా మా ఊళ్ళో కరెంటు పోవడానికి మొక్కులు అక్కర్లేదు. ఆ వారం మాత్రం దీక్ష పట్టినట్టు ఒక్కసారైనా పోలేదు. చివరికి శనివారం సాయంత్రం డాబా మెట్లెక్కి యాంటెనాని బందరు వైపు నుంచి గుడివాడ వైపు తిప్పేసి వచ్చాను. బొమ్మ పోయి తెరంతా చుక్కలొచ్చాయి. హాయిగా నిద్రపోయాను.

అమావాస్య అంటే నాన్నకి సెలవని, సెలవు రోజు మనిషి చేతులు ఊరికే ఉండవని నాకు తట్టలేదు. పొద్దున్నే తలస్నానం చేసి, టీవీ పెట్టి చూసి, "యాంటెనా తిరిగినట్టుంది" అని తనే పైకెక్కాడు. నన్ను కింద నిలబెట్టి "వచ్చిందా? వచ్చిందా?" అని అడుగుతూ అరగంట తిప్పాడు. రాలేదని అబద్ధం చెబుదామంటే అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆ ఆదివారం వచ్చినంత స్పష్టంగా మా టీవీలో బొమ్మ అంతకు ముందెప్పుడూ రాలేదు.

నాన్న ప్లాస్టిక్ వైరు కుర్చీ తెచ్చుకుని టీవీకి ఎదురుగా కూర్చున్నాడు. మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది. గది అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు కొత్తగా అనిపించింది. కార్టూన్ మొదలైంది. ఆ రోజు ఎగిరే విమానం లేదు, పరుగు లేదు. కుక్క ఈల ఊదింది. నక్క చేతులకి బేడీలు వేసింది. తీసుకెళ్ళి ఊచల వెనక పెట్టి తాళం వేసింది. బాతు ఏడుస్తూ నిలబడింది. కుక్క పోలీసని, నక్క దొంగని పాలు తాగే పిల్లకి కూడా తెలిసిపోయేలా ఉంది. అరగంటా నేను చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాను. నాన్న వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు.

కార్టూన్ అయిపోయింది. నాన్న లేచి టీవీ కట్టేశాడు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే అల్లుణ్ణి జైల్లో పెట్టించాడన్నమాట మామగారు" అన్నాడు.

తలెత్తి చూశాను. మొహంలో నవ్వు లేదు. ఎగతాళి లేదు. నేతలో ఒక్కో పోగూ చూసుకునేటప్పుడు ఎంత శ్రద్ధగా ఉంటాడో అంత శ్రద్ధగా నా వైపు చూస్తున్నాడు.

"అవును నాన్నా. సైకిలు గురించి నలుగురిలో అడిగేశాడని కోపం" అన్నాను.

"అదా సంగతి. ఎంత కోపమొస్తే మాత్రం, కూతురి మొహమైనా చూడద్దూ?" అని లేచి, చొక్కా తగిలించుకుని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. నేను చాప మీద పడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని అమ్మ అడిగితే కళ్ళలో నలక పడిందన్నాను. ఆ ఒక్కరోజుకి ఇంకో అబద్ధం.

మరుసటి ఆదివారం నాన్న గుంటలో ఉన్నాడు, టీవీ వైపు వీపు పెట్టి. "ఊఁ, విడిపించారా?" అన్నాడు. అంత తొందరగా విడిపిస్తే కథ ఏముంటుంది? అత్తగారు జైలుకి క్యారేజీ పట్టుకెళ్ళింది. అల్లుడు జైలు గోడకి కన్నం పెట్టబోతే అవతల కూడా జైలే ఉంది. నెల రోజులు లాగాను. ఆ తర్వాత ఒక ఆదివారం టీవీ పెడితే నక్క రాలేదు. ఎవరో పెద్దమనిషి కుర్చీలో కూర్చుని హిందీలో ఏదో చెబుతున్నాడు. తర్వాతి వారమూ ఆయనే. బొమ్మ లేకుండా కూడా కథ చెప్పొచ్చని నాకు తోచలేదు. నాన్న రెండు మూడు వారాలు అడిగి ఊరుకున్నాడు. నేను హైస్కూలు, హాస్టలు, ఉద్యోగం అంటూ బెజవాడ వచ్చి పడ్డాను.

పోయిన నెల నాన్న కంటి ఆపరేషన్‌కి పటమటలో మా ఇంటికి వచ్చాడు, అమ్మతో కలిసి. ఒక కంటికి ఆపరేషన్ అయింది. వారం రోజులు టీవీ, ఫోను చూడొద్దన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, వెలుతురు పడకుండా టీవీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చునేవాడు. మగ్గం మానేసి నాలుగేళ్ళయినా కాళ్ళు మాత్రం మానలేదు. కుర్చీలో కూర్చున్నా ఒకదాని తర్వాత ఒకటి నేలని తొక్కుతూనే ఉంటాయి.

ఆదివారం పొద్దున నేను వంటింట్లో దోసెలు పోస్తున్నాను. హాల్లో ఎనిమిదేళ్ళ నా కూతురు కార్టూన్ చూస్తోంది. ఇప్పుడన్నీ తెలుగులోనే వస్తాయి.

"ఏం జరుగుతోందమ్మా?" అన్న నాన్న గొంతు వినిపించింది.

"పిల్లి పరిగెడుతోంది తాతయ్యా."

"ఎందుకు?"

"బస్సు వెళ్ళిపోతోందని. ఇప్పుడు ఎక్కింది. ఇప్పుడు సీటు దొరికింది. ఇప్పుడు దిగింది."

నా కూతురు ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. వాళ్ళ నాన్న పోలిక. మా నాన్న వంటింటి వైపు కేకేశాడు.

"ఇలా రావే. ఆ అల్లుణ్ణి ఇంకా జైల్లోంచి విడిపించలేదు నువ్వు."

అట్లకాడ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కన చట్నీ తిరగమోత వేస్తున్న అమ్మ తల ఎత్తకుండా అంది. "నేను అప్పట్లోనే మీ నాన్నకి చెప్పానే, అది నోటికొచ్చింది చెబుతోందని. 'తెలుసులే, దాని ముందు మాత్రం అనకు, చెప్పడం మానేస్తది' అన్నారు."

"ఎప్పుడు? అమావాస్యకి ముందా?"

"మొదటి నెల్లోనే. నువ్వెళ్ళు, దోసెలు నే చూస్తాలే."

వెళ్ళి నాన్న వెనక చాప వేసుకుని కూర్చున్నాను. నా కూతురు మా ఇద్దరినీ వింతగా చూసి టీవీ ఆపేసింది. గదిలో నాన్న కాళ్ళ చప్పుడు ఒక్కటే మిగిలింది. నలభై ఏళ్ళ మనిషిని, నాకు సిగ్గేసింది. ఎక్కడ వదిలేశానో గుర్తు తెచ్చుకున్నాను.

"అత్తగారు క్యారేజీ పట్టుకుని మళ్ళీ జైలుకి వెళ్ళింది నాన్నా. ఈసారి అడుగు గిన్నెలో అన్నం లేదు" అన్నాను.

నాన్న కాళ్ళు ఆగిపోయాయి.