అన్నానికి పోని ఆపరేటర్

బాలసుందరం ఆ అబద్ధం ఆడినప్పుడు జానకమ్మాళ్ అతనికి నాలుగడుగుల దూరంలోనే కూర్చుని ఉంది. అతను మొబైల్ చెవికి ఆనించుకుని, ఆమె వైపు చూడకుండా, అవతలి మనిషితో చల్లగా అనేశాడు.

“ఆపరేటరమ్మ అన్నం తినేదానికి పోయిండె. అందుకే ఫోను ఎత్తలా.”

అన్నం! ఆమె ఆ రోజు డబ్బా మూత కూడా తీయలేదు. పదహారేళ్ల ఉద్యోగంలో ఆమెను ఫోను ఎత్తని మనిషి అని ఎవరూ అనలేదు. ఆ పేరును ముదలాళి, అంటే కంపెనీ యజమాని, ఒక్క ముక్కతో మట్టిలో కలిపేశాడు, అదీ ఆమె ముందే.

సింగానల్లూరులో బాలసుందరానిది లిఫ్టులు బాగుచేసే చిన్న కంపెనీ. చుట్టుపక్కల నూట ఇరవై లిఫ్టులు వాళ్ల కింద ఉన్నాయి. ప్రతి లిఫ్టులోనూ ఒక ఎర్ర బటన్ ఉంటుంది. అది నొక్కితే జానకమ్మాళ్ బల్ల మీది ఫోను మోగాలి. ఆ ఇనుప పెట్టెలో మొబైలుకు టవర్ అందదు కాబట్టి లోపల ఇరుక్కున్నవాళ్లకు ఆ బటనే దిక్కు. అయితే ఇక్కడే ఉంది తమాషా. లిఫ్టు ఆగిపోయేది చాలావరకు కరెంటు పోయినప్పుడు. కరెంటు పోతే ఆఫీసులో ఫోనూ పోతుంది. వానాకాలం రాగానే చిల్లిపడే గొడుగు లాంటిది వాళ్ల వ్యవహారం. అది తెలిసీ ఎవరూ పట్టించుకోలేదు.

ఏప్రిల్‌లో నెలవారీ షట్‌డౌన్ రోజు అదే జరిగింది. లైన్ల మరమ్మతు కోసం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ పేటలో కరెంటు ఉండదు. ఆఫీసులోని పాత యూపీఎస్ పావుగంటకే కన్నుమూసింది. రెండు వీధుల అవతల అపార్ట్‌మెంటులో జనరేటర్ మీద నడుస్తున్న లిఫ్టు మధ్యాహ్నం ఒంటిగంటకు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ నడుమ నిలిచిపోయింది. లోపల చెల్లమ్మాళ్, డెబ్బై రెండేళ్ల మనిషి. చీకట్లో ముప్పావుగంట ఆ ఎర్ర బటన్ నొక్కుతూనే ఉంది. ఇక్కడ జానకమ్మాళ్ చచ్చిన ఫోను ముందు చేతులు కట్టుకుని కూర్చుంది, ఆమెకేం తెలుసు పాపం. చివరికి కేకలు విని అపార్ట్‌మెంటు వాళ్లే ముసలామెను బయటికి తీసి, బాలసుందరం మొబైలుకు కొట్టి నిలదీశారు.

“ఆయమ్మకి నిజం చెప్పండి ముదలాళీ. నేను కుర్చీలోనే ఉంటినని చెప్పండి,” అని ఆ సాయంత్రమే అడిగింది.

“సుమ్మా వదిలేయి జానకం. కంపెనీ ఫోనే పని చెయ్యలేదని చెప్తే కస్టమర్ నిలుస్తాడా?”

“నా పేరు పోతే పరవాలేదా?”

బాలసుందరం గ్లాసు ఎత్తి టీ తాగాడు. జానకమ్మాళ్ ఆ రోజు నుంచి అతనితో టీ తాగడం మానేసింది.

మరుసటి వారం అతను ఆనంద్‌కుమార్ అనే సేల్స్ కుర్రాణ్ణి పిలిపించాడు. ఆ అబ్బాయి మెరిసే నల్లపెట్టె, కొత్త యూపీఎస్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు కేవీఏ అన్నాడు, డిస్‌ప్లే అన్నాడు, ఇది పెడితే ఇక ఫోనుకు చావు లేదన్నాడు.

“ఎన్ని గంటలు వస్తాది తంబీ?” జానకమ్మాళ్ అడిగింది.

“చాలా పవర్‌ఫుల్ అక్కా. ఏసీ కూడా లాగుతాది.”

“బస్సు ఎంత పెద్దదని అడగలా. డీజిల్ ఎంత ఉండాదని అడిగితిని.”

తిప్పితిప్పి అడిగితే అరగంట అని తేలింది. షట్‌డౌన్ ఏడు గంటలు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె! పెట్టె పెద్దదయితే ఎక్కువ సామాన్లు నడుస్తాయి గానీ ఎక్కువసేపు నడవవు, సేపు కావాలంటే బ్యాటరీ పెద్దది కావాలి. ఈ మాట సేల్స్ కుర్రాడికి తెలుసు. చెప్పడు. బాలసుందరానికి తెలీదు. అడగడు.

జానకమ్మాళ్ లేచి మెయిన్ స్విచ్ దించేసింది. ఫ్యాన్లు ఆగాయి. నల్లపెట్టె కుయ్యిమంది, దానికి తగిలించిన ఆఫీసు ఫోను ఎక్స్‌ఛేంజి లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆనంద్‌కుమార్ నవ్వాడు.

“నవ్వేది తర్వాత. నీ మొబైల్‌లో నుంచి మా నంబరుకు కొట్టు.”

కొట్టాడు. ఫోను మోగలేదు. మళ్లీ కొట్టాడు. బల్ల మీది ఫోను రాయిలా కూర్చుంది.

జానకమ్మాళ్ ఈ ఉద్యోగానికి రాకముందు పదిహేనేళ్లు మిల్లులో తెగిన నూలు అతికే పని చేసింది. అక్కడ నేర్చుకున్నది ఒకటే: దారం తెగితే మిషన్‌ను తిట్టకు, కొస పట్టుకుని వెనక్కి పో. చీర కుచ్చిళ్లు ఎగదోపి ఫోను వైరును వేలితో పట్టుకుంది. బల్ల కింద నుంచి గోడకు, గోడ మీంచి ఎక్స్‌ఛేంజికి, అక్కడినుంచి ఇంటర్నెట్‌ను ఫోను లైనుగా మార్చే ఒక చిన్న పెట్టెకు, అక్కడినుంచి స్వామి పటాల అరకు. అరలో అగరుబత్తుల పొట్లం వెనక ఇంటర్నెట్ మోడెమ్ చల్లారి పడుంది. దాని ప్లగ్గు స్వామి సీరియల్ బల్బులున్న బోర్డులో ఉంది. ఫోను లైను ఊరి నుంచి లోపలికి వచ్చేదే ఆ మోడెమ్‌లోంచి. ఇన్నాళ్లూ కిటికీలన్నీ మూసి వాకిలి మరిచిపోయారన్నమాట.

“ఈ నాలుగూ ఒకే బ్యాటరీ మీద ఉండాల,” అంది. “ఎంత తింటాయో కొలిచి చెప్పు.”

ఆనంద్‌కుమార్ ఈసారి నవ్వకుండా మీటరు పెట్టి కొలిచాడు. నాలుగూ కలిపి అరవై వాట్లు, అంటే ఒక పాతకాలం బల్బంత. చిన్న ఇన్వర్టర్, దానికి నూటయాభై ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి చాలు, రోజంతా లాగుతుందని తనే ఒప్పుకున్నాడు. ఆరు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలన్నాడు.

“అంత పెద్ద బ్యాటరీ ఒక్క ఫోనుకా?” బాలసుందరం గింజుకున్నాడు. “నా ఫ్యానూ దాంట్లోనే పెట్టండి.”

“పెట్టేది లేదు. మీ ఫ్యాను తినేస్తే సాయంత్రానికి ఫోనుకు ఏముంటాది?”

“ముదలాళి నువ్వా నేనా?”

“మీరే. కాదనలా. అయితే రేపు పొద్దున పెయింటు డబ్బా తీసుకుని నూట ఇరవై లిఫ్టులకూ నేనే పోతాను. ఎర్ర బటన్ కింద ‘కరెంటు ఉంటేనే నొక్కండి’ అని రాసి వస్తాను. నిజమే గదా రాసేది?”

ఆమె రాస్తుందని అతనికి తెలుసు. పదహారేళ్లుగా తెలుసు. బ్యాటరీ వచ్చింది. జానకమ్మాళ్ ఒక ఆదివారం మెయిన్ దించి, తొమ్మిది నుంచి ఆరు దాకా దాని పక్కనే కూర్చుని గంటగంటకూ ఫోను మోగించి చూసుకుంది. ఇన్వర్టర్‌కు మిగిలిన ప్లగ్గు రంధ్రాల మీద ప్లాస్టర్ అంటించి, దాని మీద పసుపూ కుంకుమా పెట్టింది. ఎంత ముదలాళి అయినా బొట్టు పెట్టినదాన్ని పీకడు కదా!

జూన్ షట్‌డౌన్ రోజు ఆఫీసు పొయ్యిలా ఉంది. బాలసుందరం అట్టముక్కతో విసురుకుంటూ ఆ ప్లాస్టర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడు గంటలకు జానకమ్మాళ్ లేచింది.

“కొంచెంసేపు నా కుర్చీలో కూర్చోండి. ఫోను మోగితే ఎత్తండి.”

నేరుగా చెల్లమ్మాళ్ ఉండే అపార్ట్‌మెంటుకు వెళ్లింది. ఏప్రిల్ నుంచి ఆ ముసలామె లిఫ్టు ఎక్కలేదు, మోకాళ్లు పట్టుకుని నాలుగంతస్తులూ మెట్లే. షట్‌డౌన్ కాబట్టి లిఫ్టు కింద తలుపు తీసి నిలబెట్టి ఉంది. చెల్లమ్మాళ్‌ను బతిమాలి కిందికి తెచ్చి లోపలికి పిలిస్తే ఒక కాలు మాత్రమే పెట్టింది. రెండో కాలు బయటే.

“నువ్వేగదా అన్నానికి పోయినది,” అంది చెల్లమ్మాళ్, మొహం చూడకుండా.

జానకమ్మాళ్ లోపలికి వంగింది. ఎర్ర బటన్ నొక్కింది. లిఫ్టులోని ఫోనుకు దాని చిన్న బ్యాటరీ దానికుంది. రెండు రింగులు. మూడోదానికి బాలసుందరం గొంతు కంగారుగా పలికింది.

“హలో! ఏ బిల్డింగు? లోపల ఎవరుండారు?”

“చెల్లమ్మాళక్క ఉండాది. ఏప్రిల్‌లో ముప్పావుగంట బటన్ నొక్కినాయమ్మ. ఆ పొద్దు నేను యాడుంటినో ఆయమ్మకి చెప్పండి.”

“జానకం, ఇదేమి ఆట?”

“ఆట కాదు. కరెంటు పోయి ఆరు గంటలాయె. ఫోను మోగె, మీరు ఎత్తితిరి. ఇంక చెప్పేదానికి ఏమి కష్టం?”

అవతల అట్టముక్క విసురుకునే చప్పుడు వినిపించింది. తర్వాత అది ఆగింది.

“కుర్చీలోనే ఉండె అక్కా,” అన్నాడు బాలసుందరం. “ఫోనే చచ్చిపోయిండె. ఆయమ్మ మీద నేనే అబద్ధం చెప్పితిని.”

జానకమ్మాళ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. చెల్లమ్మాళ్ రెండో కాలు కూడా లోపల పెట్టి, ఆమె మొహంలోకి చూసింది.

“అయితే ఆ పొద్దు నువ్వు తినలేదా?”

“యాడ తినేది అక్కా.”

“ఈ పొద్దు?”

జానకమ్మాళ్ తల అడ్డంగా ఊపింది.

“పైన పులుసూ అన్నం ఉండాది. మెట్లెక్కి పోదాం, రా.”

జానకమ్మాళ్ ఎర్ర బటన్ పక్కన నోరు పెట్టింది. “ముదలాళీ, వింటాండారా? ఇప్పుడు నేను నిజంగానే అన్నం తినేదానికి పోతాండాను. నాలుగు దాకా కుర్చీలోంచి లేవొద్దండి.”