క్లచ్చి ప్లేటుకు నా ఇప్పనూనె సేవ

మా మిరప పంటంతా ఒకసారి మునిగినంత పనయింది. ముంచబోయింది వాన అనుకునేరు. నేనే.

పెళ్లయి కల్లూరు నుంచి జూలూరుపాడు దగ్గరి అత్తవారింటికి వచ్చిన కొత్త. మంచి కోడలు అనిపించుకోవాలని తెగ ఉబలాటపడే రోజులు. మా ట్రాక్టరు క్లచ్చి ప్లేటు అరిగిందని మెకానిక్ వచ్చి, బండిని నడుం దగ్గర విప్పి రెండు ముక్కలు చేసి, అన్నానికి లోపలికెళ్లాడు. అరుగు మీద కొత్త ప్లేటు ఉంది. ముట్టుకుంటే గరుకు. పాపం, ఇంత గరుకైతే ఎలా తిరుగుతుందని జాలిపడ్డాను. సంతలో కొన్న ఇప్పనూనె తెచ్చి, పసిపిల్లకు రాసినంత ప్రేమగా రెండు వైపులా పట్టించి, పైపైన తుడిచాను. మెకానిక్ ఆ మెరుపు చూసి కంపెనీ పాలిష్ అనుకున్నాడు కాబోలు, బిగించి వెళ్లిపోయాడు.

మర్నాడు కల్లంలో ఎండిన మిరపకాయలు బస్తాలకెత్తి ట్రాలీ నింపాం. ఇంతలో మబ్బు కమ్మింది. తడిస్తే ఏడాది కష్టమంతా బూజుపాలు. మామయ్య గేరేసి క్లచ్చి వదిలారు. ఇంజను ఊరంతా వినపడేలా అరిచింది గానీ చక్రం కదల్లేదు. పైగా కమ్మటి ఇప్పనూనె మాడిన వాసన.

మామయ్య నావైపు చూశారు. "ఏంది బిడ్డా, ప్లేటుకు నూనె గిట్ల రాసినవా?"

"రాశా మామయ్యా. మెత్తగా తిరుగుద్దని."

"ఇంజన్ చక్రం గా ప్లేటును ఒత్తి పట్టుకుంటెనే గేర్లకు జోరు పోతది. గరుకుంటెనే పట్టు. నూనె చేతులు పట్టుకొని వాగు దాటుతమా?"

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అంతలో పక్క గూడెం వాళ్లు తమ కల్లాల మీద పరదాలు కప్పి మరీ పరుగెత్తుకొచ్చారు. తలా ఒక బస్తా ఎత్తుకుని మా వసారాకు చేర్చారు. ఆఖరి బస్తా లోపల పడ్డాక వాన మొదలైంది. వాళ్ల మేలు ఈ జన్మకు మరవలేను.

ఊపిరి తీసుకున్నాక, ఆ మాడు వాసన పసిగట్టి అందరూ అడిగింది ఒకటే, ప్లేటుకు నూనె రాసిన ఆ మేధావి ఎవరని. నేను నోరు తెరిచేలోపే మామయ్య అందుకున్నారు.

"నేనే రాసిన. ముసలోణ్ని, మతి తప్పింది."

ఆనాటి నుంచీ ఊళ్లో ఆయన పేరు ఇప్పనూనె పెద్దయ్య. ఎవరలా పిలిచినా నవ్వుతూ పలుకుతారు. విన్నప్పుడల్లా నా కళ్లు చెమరుస్తాయి. ఇలాంటి మామయ్య ఎంతమందికి దొరుకుతారో మీరే చెప్పండి.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకదాన్నొకటి పట్టుకుని తిరగాల్సిన ఏ వస్తువుకూ ఇక నూనె రాయను. మామయ్య బట్టతలకు మాత్రం ప్రతి ఆదివారం ఇప్పనూనె వెచ్చచేసి ఇస్తాను. అక్కడ పట్టు తప్పడానికి ఏమీ మిగల్లేదు.